మంత్రసాని లేని సభలు

బాలింతలు, పురిటిబిడ్డలు ఎందుకు చనిపోతున్నారన్న విషయాన్ని వైద్యులు, నర్సులు, పాలనాధికారులు ఒకచోట చేరి చర్చించే ఆనవాయితీకి భారతదేశంలో నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ సభల తీర్మానాలను వరుసగా చదవడం ఈ చరిత్రను తెలుసుకునే ఒక పద్ధతి. సభలో ఎవరు కూర్చున్నారు, ఎవరిని గురించి మాట్లాడారు అని చూడడం మరో పద్ధతి. ఈ రెండో దృష్టితో చూస్తే, దేశంలో అత్యధిక కాన్పులు ఎవరి చేతుల మీదుగా జరిగేవో ఆ మంత్రసాని దశాబ్దాల తరబడి చర్చనీయాంశంగానే ఉండిపోయిందనీ, చర్చించేవారిలో ఒకరు కాలేకపోయిందనీ తెలుస్తుంది.

మద్రాసులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి 1844లోనే వెలసింది. తరవాత ఎగ్మూరుకు తరలిన ఆ ఆసుపత్రి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన తెలుగు జిల్లాలకూ ప్రసూతి విద్యలో పెద్దదిక్కయింది. స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యం అందించాలన్న ఆశయంతో 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ ఆసుపత్రి తెరుచుకుంది. అయినా పల్లెల్లో కాన్పు ఇంట్లోనే, చాలాచోట్ల మంగలి కుటుంబాలకో దళిత కుటుంబాలకో చెందిన మంత్రసాని చేతుల్లోనే జరిగేది. బొడ్డు కోయడం, మాయను పాతిపెట్టడం అంటు పనులుగా లెక్కకు వచ్చేవి కనుక అవి ఆమె వంతుకు వచ్చాయి. ప్రతిఫలంగా కాసిని గింజలు, ఒక చీరో రవికో ముట్టేవి.

ఈ మంత్రసానులకు శిక్షణ ఇవ్వాలన్న ఉద్దేశంతో, వైస్రాయి కర్జన్ భార్య చొరవతో, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో విక్టోరియా స్మారక నిధి మొదలైంది. ఆ నిధి 1918లో కలకత్తాలో ప్రచురించిన నివేదికలో దేశం నలుమూలల నుంచి వైద్యురాళ్లు తదితరులు పంపిన అనుభవాలు ఉన్నాయి. వాటిలో మంత్రసాని చాలావరకు నిందితురాలిగానే కనిపిస్తుంది. నింద పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. కడగని చేయి సూతికా జ్వరానికి, అంటే ప్రసవానంతరం గర్భాశయానికి సోకే ఇన్ఫెక్షన్‌తో వచ్చే ప్రాణాంతక జ్వరానికి, శుభ్రం చేయని కత్తి పురిటిబిడ్డ ధనుర్వాతానికి దారితీసేవి. కానీ ఆ కత్తిని మరిగించేందుకు గిన్నె, వేడి నీళ్లు, గాలీ వెలుతురూ ఉన్న గది ఆమెకు ఎవరు ఇచ్చారన్న ప్రశ్నను, ఆమెను అంటరానిదిగా చూసిన ఇంటి బాధ్యత ఎంతన్న ప్రశ్నను అంతే గట్టిగా అడిగినవారు తక్కువ.

1920 ఫిబ్రవరిలో ఢిల్లీలో మాతా శిశు సంక్షేమ ప్రదర్శన జరిగింది. 1924లో వైస్రాయి భార్య లేడీ రీడింగ్ ఆధ్వర్యంలో జాతీయ శిశు వారోత్సవం ప్రారంభమైంది. 1927లో ఢిల్లీలోనే మరో సదస్సు ఏర్పాటైంది. శిశు వారోత్సవం అంటే బిడ్డలను తూచడం, బొద్దుగా ఉన్న బిడ్డకు బహుమతి ఇవ్వడం, స్నానం చేయించే పద్ధతిని బొమ్మలతో చూపడం వంటి కార్యక్రమాల సమాహారం. తల్లికి తెలియదు, చెబితే బాగుపడుతుంది అన్న నమ్మకం ఈ సంబరాలకు పునాది. పూటకు తిండి లేని ఇంట్లో బొద్దు బిడ్డ ఎలా తయారవుతుందో ఆ బహుమతులు చెప్పలేదు.

ఉపన్యాసం నుంచి విచారణకు మళ్లిన మలుపు 1920ల చివర, 1930లలో వచ్చింది. బొంబాయిలోని హాఫ్‌కిన్ సంస్థలో ప్రసూతి మరణాలపై పరిశోధన జరుగుతుండగా, వైద్యురాలు మార్గరెట్ బాల్ఫోర్ ఆహ్వానంపై వచ్చిన పరిశోధకురాలు లూసీ విల్స్ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్ర రక్తహీనతకు ఆహారలోపమే మూలమనీ, ఈస్టు సారంతో అది నయమవుతుందనీ 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థాన్నే తరవాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించారు. మద్రాసులో ప్రసూతి వైద్యుడు ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్ ఆ నగరపు ప్రసూతి మరణాల కారణాలపై విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. సహరచయిత మీనన్‌తో కలిసి ఆయన రాసిన ప్రసూతి వైద్య గ్రంథాన్ని చదవకుండా వైద్యవిద్య ముగించినవారు తెలుగునాట చాలాకాలం అరుదు. 1936లో బొంబాయి, బెంగాల్, మద్రాసు ప్రసూతి వైద్య సంఘాలు కలిసి తొలి అఖిల భారత మహాసభను మద్రాసులోనే నిర్వహించాయి. 1950 జనవరి 6న, మళ్లీ మద్రాసులో, ఆరో మహాసభ ప్రారంభ సమావేశంలో ఈ సంఘాల జాతీయ సమాఖ్య పుట్టింది.

ఈ రెండు మద్రాసు సభల మధ్య, ఆరోగ్య సేవలపై ప్రభుత్వం నియమించిన భోర్ కమిటీ 1946లో వెలువరించిన నివేదిక అంకెలు నేటికీ ఉలిక్కిపడేలా చేస్తాయి: ఏటా సుమారు 2 లక్షల మంది స్త్రీలు కాన్పు కారణంగా చనిపోతున్నారనీ, దేశం మొత్తానికి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు 5,000 మంది మాత్రమే ఉన్నారనీ ఆ కమిటీ అంచనా. తగినంత మంది తయారయ్యే దాకా మంత్రసానులకే శిక్షణ ఇచ్చి నెట్టుకురావాలని కూడా అది సూచించింది. ఆ తాత్కాలిక ఏర్పాటు దాదాపు అర్ధ శతాబ్దం సాగింది.

స్వాతంత్ర్యానంతరం మాతా శిశు ఆరోగ్యం అన్న జంట మాట ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడినా, టీకాలూ బరువు పట్టికలూ పోషకాహార పథకాలూ బిడ్డ చుట్టూనే అల్లుకున్నాయి. ఆ జంటలో తల్లి ఎక్కడుందని 1985లో ప్రజారోగ్య నిపుణులు అలన్ రోజెన్‌ఫీల్డ్, డెబొరా మెయిన్ లాన్సెట్ పత్రికలో నిలదీశారు. రెండేళ్లకు, 1987 ఫిబ్రవరిలో, ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కలిసి నైరోబీలో ఏర్పరచిన సదస్సు ఏటా 5 లక్షల ప్రసూతి మరణాలను 2000 నాటికి సగానికి తగ్గించాలని పిలుపునిచ్చింది. ఆ గడువులోగా అది నెరవేరలేదు. 1997లో కొలంబోలో మళ్లీ చేరినవారు రెండు పాత నమ్మకాలను వదులుకున్నారు: ప్రమాదం ఉన్న గర్భిణిని ముందే గుర్తించి ఏరవచ్చన్నది ఒకటి, మంత్రసాని శిక్షణతోనే మరణాలు తగ్గుతాయన్నది మరొకటి. కాన్పు తరవాత ఆగని రక్తస్రావం ఏ ఆరోగ్యవంతురాలికైనా రావచ్చు. అప్పుడు కావలసింది నిపుణ హస్తం, రక్తం, ఆపరేషన్ గది. మంత్రసానిని నిందించడమూ ఆమె మీదే భారం మోపడమూ రెండూ తప్పేనని ఈ నిర్ణయం పరోక్షంగా ఒప్పుకుంది.

సభల్లో అన్నిటికంటే ఫలవంతమైనవి తీర్మానాలు చేసేవి కావు, మరణాలను ఒక్కొక్కటిగా విప్పి చూసేవి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచి సాగుతున్న రహస్య విచారణ పద్ధతిని కేరళ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004లో చేపట్టింది. చనిపోయిన స్త్రీ కేసు పత్రాల నుంచి ఆమె పేరు, డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు తొలగించి నిపుణుల ముందు పెడతారు; రక్తస్రావాన్ని ఎప్పుడు గమనించారు, రక్తం ఎప్పుడు తెప్పించారు, పెద్దాసుపత్రికి పంపాలని ఏ గంటకు నిర్ణయించారు అన్నవి గడియారం పెట్టుకుని చూస్తారు. శిక్ష పడదన్న హామీ లేకపోతే ఆ గంటలు పత్రాల్లో నిజంగా నమోదు కావు; గోప్యతకు ఉన్న ప్రయోజనం అదే. లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు చనిపోతున్నారో చెప్పే నిష్పత్తి 2018–20 లెక్కల్లో దేశానికి 97 కాగా కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ తేడాకు విచారణ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. కేరళ స్త్రీల చదువుకూ అక్కడి రోడ్లకూ వాటా ఉంది.

తెలుగు రాష్ట్రాల సభల ముందు ఇప్పుడున్న చిక్కు పూర్వులు ఊహించనిది. ఇంటి కాన్పు దాదాపు కనుమరుగైంది గానీ, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అవసరం లేని కోతను తగ్గించడానికి, సహజ కాన్పును ఓపికగా నడిపే మిడ్‌వైఫ్ కావాలన్న వాదన బలపడింది. నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తెలంగాణలో 2017లో మొదలైంది, దేశవ్యాప్త మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. ఆ శిక్షణ పొందినవారు ఈనాటి సదస్సుల్లో తమ కేసులను తామే వివరిస్తున్నారు. నొప్పులు పడే స్త్రీ పక్కన రాత్రంతా కూర్చోవడం, నడిపించడం, తొందరపెట్టకపోవడం వంటి పనులను ఇప్పుడు ఆధారసహితమైన వైద్యంగా నేర్పుతున్నారు. వాటిని అంతకుముందు తరతరాలుగా చేసినవారి పేర్లు మాత్రం ఏ సభ నివేదికలోనూ నమోదు కాలేదు.