సప్తసాగర యాత్ర – చొల్లంగి నుండి అంతర్వేది వరకు

ఆలయ చరిత్ర వ్రాయబూనిన వారు గోపురాన్ని గురించి, మూలవిరాట్టును గురించి, శాసనాలను గురించి వ్రాయడం పరిపాటి. ఆ ఆలయానికి జనం నడచివచ్చిన దారిని గురించి వ్రాసేవారు అరుదు. శిథిలమైన గోడను భక్తులు చందాలు వేసుకొని నిలబెడతారు. నడిచే పాదాలు తగ్గిన దారి మాత్రం చడీచప్పుడు లేకుండా పొలంగట్లలో కలిసిపోతుంది. గోదావరి సాగరసంగమ సీమలో తరతరాలుగా సాగివచ్చిన సప్తసాగర యాత్రా మార్గం అటువంటిది.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలుతున్నదని మనకు తెలిసినదే. అయితే పురాణ సంప్రదాయం చెప్పేవి ఏడు పాయలు. సప్తర్షులు ఒక్కొక్కరు ఒక్కొక్క పాయను సముద్రునికి చేర్చారని ప్రతీతి. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వసిష్ఠ అని వాటి పేర్లు. కొందరి లెక్కలో వృద్ధగౌతమికి మారుగా జమదగ్ని వస్తుంది. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగా సంగమ స్నానంతో ఆరంభించి, ఒక్కొక్క పాయలో స్నానమాచరిస్తూ, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేది చేరుకోవడం ఈ యాత్రా విధానం. ఆ అమావాస్యకు చొల్లంగి అమావాస్య అనే పేరే స్థిరపడిపోయింది. సంతానాపేక్ష గలవారు దీనిని విశేషంగా చేస్తారని 1907లో హెమింగ్వే దొర కూర్చిన గోదావరి జిల్లా గెజెటీరు సైతం పేర్కొన్నది.

ఈ తిథుల ఎంపికలో సేద్యగాని సౌకర్యం కూడా ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం. పుష్యమాసాంతానికి సార్వా పంట ఇంటికి చేరుతుంది, సంక్రాంతి వెళ్ళిపోతుంది. తుపానుల కాలం గడచి నదీముఖాలు నెమ్మదిస్తాయి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆనకట్టకు పూర్వం, రైతు కుటుంబం పదకొండు దినాలు ఇల్లు విడిచి నడవగల తీరిక ఈ రోజులలోనే లభించేది. కాలువలు వచ్చి దాళ్వా సాగు పెరిగిన తరువాత అదే సమయం నాట్ల పనులతో నిండిపోయింది. దారికి ఇరుప్రక్కల పచ్చదనం హెచ్చింది, నడిచే తీరిక తగ్గింది.

యాత్రికుని వెంట ఒకసారి నడుద్దాం. చొల్లంగి సంగమేశ్వరుని సేవించి దక్షిణంగా సాగితే ఆత్రేయ తీర్థమైన కోరంగి. ఒకనాడు ఓడలు కట్టిన రేవు ఇది. బర్మాకు వలసపోయిన తెలుగువారినందరినీ అక్కడివారు ‘కొరంగీలు’ అని పిలిచారంటే ఈ రేవు ప్రసిద్ధి ఎంతటిదో ఊహించవచ్చు. 1839 నవంబరు తుపాను దానిని దెబ్బతీసింది, నది తెచ్చిన ఒండ్రు మిగిలిన పని పూర్తి చేసింది. నేడు అక్కడ కనుపించేవి మడ అడవులు. అటుపై యానాం. 1954 వరకు అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండెను గనుక, తీర్థయాత్రకు బయలుదేరిన మన రైతు తనకు తెలియకుండానే ఒక పరదేశ ప్రభుత్వపు నేలపై నడిచేవాడన్నమాట! అక్కడ గౌతమి దాటి ఎదుర్లంక, నిత్యకల్యాణ క్షేత్రమైన మురమళ్ళ, ఆపైన వృద్ధగౌతమి తీరాన కుండలేశ్వరం. పిదప కోనసీమ కొబ్బరితోటల నడుమ పడమటికి ప్రయాణం. దారిలో వైనతేయను దాటవలసి ఉన్నా అది ఏడింటి లెక్కలో చేరదు. గరుత్మంతుడు తెచ్చిన పాయగా దాని కథ వేరు.

ఇక్కడ విజ్ఞులకు ఒక సందేహం రాక తప్పదు. ఈ ఏడింటిలో కొన్ని నదులే కావు కదా? నిజమే. తుల్యభాగ పేరు నేడు ఒక మురుగు కాలువకు మిగిలింది. భరద్వాజను వెదకి పట్టుకోవడం కష్టం. దాక్షారామ స్థలపురాణంలోనే భరద్వాజ, కౌశిక, జమదగ్ని అనే మూడు పాయలు అంతర్వాహినులయ్యాయనే కథ ఉన్నది. నది ఏటేటా ఒండ్రు దించుతూ తన ముఖాలను తానే పూడ్చుకొని వేరొక దారి చూసుకోవడం డెల్టా భూములకు సహజం. ఆ పరిణామాన్ని మన పెద్దలు గమనించి పురాణభాషలో నిక్షేపించారని నేను భావిస్తాను. నీరు తప్పుకొన్న చోట కూడా స్నానఘట్టం పేరు నిలిచి ఉండడానికి కారణం, ఏటా ఎవరో ఒకరు అక్కడికి నడచి వెళ్ళడమే.

కౌశిక మాటే చూడండి. అమలాపురం పరిసరాలలో అదిప్పుడు చిన్న కాలువ. అయినా కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి పదకొండు గ్రామాల రుద్రులు వేంచేసేటప్పుడు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఆ కౌశికను దాటియే రావాలి. ఎత్తయిన ప్రభను భుజాలపై మోస్తూ మొలలోతు నీటిలో దిగే యువకులను చూచినవారు ఆ దృశ్యాన్ని మరువలేరు. ప్రభలు వరిచేల మీదుగానే సాగుతాయి. తొక్కుడుపడిన పైరును చూచి రైతు నొచ్చుకోడు సరికదా, రుద్రుడు తన చేనిలో అడుగుపెట్టాడని సంతోషిస్తాడు. కోటిపల్లి రేవులోనో, యానాంలోనో స్నానం చేసి కారెక్కి వెళ్ళే వానికి ఈ సంబంధం అనుభవంలోకి రాదు.

వంతెనలను నిందించడం నా ఉద్దేశం కాదు. యానాం–ఎదుర్లంక వారధి లేని కాలంలో పడవకోసం గంటల తరబడి రేవున కూర్చున్న వృద్ధులకే దాని విలువ తెలుసు. కానీ ఇప్పుడు చొల్లంగిలోనూ అంతర్వేదిలోనూ జనసముద్రం కనుపిస్తుండగా, నడుమనున్న తీర్థాలు ఒంటరివవుతున్నాయి. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతి కాగా, 2021 ఉత్సవానికే నూతన రథం సిద్ధమైంది. పేరు మరచిపోయిన రేవును అలా తిరిగి చేయించలేము. ఆయా గ్రామాల పెద్దలు ఏ ఘట్టం ఏ పాయదో, తమ పూర్వులు ఏ గట్టున నడిచారో, ఎక్కడ బస చేశారో తెలిసినంత వరకు వ్రాసి ఉంచితే, ఆలయాల వద్ద ఒక్కొక్క రాతిపలక నిలిపితే ఎంతో మేలు.

యాత్ర చివరకు వసిష్ఠా సంగమం. బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మగారు 1823లో పూర్తి చేయించిన లక్ష్మీనరసింహస్వామి ఆలయం అక్కడ ఉన్నది. మాఘ శుద్ధ దశమినాడు కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. నర్సాపురం వైపువారు సఖినేటిపల్లి రేవుకు పంటుపై దాటి వస్తారు. నడచి వచ్చినవారు గుడికి ముందుగా అన్నాచెల్లెళ్ళ గట్టు వద్దకు పోతారు. నదీజలమూ సాగరజలమూ కలిసే ఆ గీత దగ్గర, చొల్లంగిలో మొదలుపెట్టిన సంకల్పానికి ఏడవ స్నానం చేస్తారు.