దాచిన విషము - తెరచిన లెక్క

పాత అపరాధ పరిశోధక నవలలలో రహస్య విషవాయువు కథ సాధారణముగా ఒకే రీతిని ముగియును. చివరి ప్రకరణమున కథానాయకుడు దుష్టుని ప్రయోగశాలకు నిప్పంటించును. సూత్రము వ్రాసిన కాగితము బూడిదయగును. లోకము నిశ్చింతగా నిద్రించును. చరిత్రలో ఈ కథ ఎట్లు ముగిసినదో చూచుటకు మనము గోదావరి యొడ్డున నున్న రామగుండము నుండి బయలుదేరుదము.

నాటి కరీంనగరము జిల్లాలోని ఈ యూర, బొగ్గు ముడిసరుకుగా నడచిన ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడెను. అచ్చటనే సహజవాయువుతో నడచు నూతన కర్మాగారము 2021 నుండి యూరియా నిచ్చుచున్నది. ఏటికి ఆవల ఆదిలాబాదు ప్రత్తిచేలకును, ఈవల కరీంనగరము వరిమళ్లకును యూరియా కావలయును. దానికి మూలమైన అమ్మోనియాను గాలిలోని నత్రజని నుండి సాధించు మార్గమును 1909లో చూపినవాడు జర్మను రసాయనవేత్త ఫ్రిట్జ్ హేబర్. పైరుకు బలమిచ్చిన ఆ మేధయే 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద శత్రువుల కందకములపైకి క్లోరిను వాయువును వదలించినది. నాలుగు దినములకు అచ్చట పోరున దిగిన భారత సైనికులును విషవాయువునకు గురియైరి.

1925 నాటి జెనీవా ఒప్పందము విషవాయు ప్రయోగమును నిషేధించెను. తయారుచేసి దాచుటను నిషేధింపలేదు. ఆ లోపమును 1997 ఏప్రిల్ 29న అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక తీర్చెను. ఇందు మన దేశపు సంగతియు గమనింపదగినది. రసాయనాయుధములను చేయబోమని, సమకూర్చుకొనబోమని 1992లో భారత పాకిస్తానములు ఉమ్మడిగా ప్రకటించెను. అయినను 1997 జూనులో, ఒడంబడిక ననుసరించి, తనకడ 1,044 టన్నుల మస్టర్డ్ విషమున్నదని భారతదేశము వెల్లడించెను. అంతర్జాతీయ పర్యవేక్షణలో 2009 నాటికి అది యంతయు నాశనము చేయబడెను.

నిజమైన తుది ప్రకరణమిదియే యని మా యభిప్రాయము. ఇందు తుపాకి మ్రోత లేదు. లెక్కల పుస్తకము కలదు. సూత్రమును కాల్చి ప్రయోజనము లేదు. అది పాఠ్యగ్రంథములలోనే యున్నది. అందుచేతనే ఒడంబడిక కర్మాగారములకును లెక్క విధించినది. యూరియా వంటి కర్బన రసాయనములను ఏటా 200 టన్నులకు మించి చేయునవి తమ వివరములు తెలుపవలెను. తనిఖీకి తలుపు తెరువవలెను. ఏ కొలిమిలో ఏమి తయారగుచున్నదో లోకమునకు తెలిసియుండుటయే రైతునకును, సైనికునకును రక్ష.