తీరం వెంట వందమంది

‘కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే’ అనుకునే రోజులవి. 1830 మే 18న మద్రాసు సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రిటరు ఏనుగుల వీరాస్వామయ్య దాదాపు వందమందిని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరారు. ఇంటివాళ్లు, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, డేరాలు, వంటసామాను. మళ్లీ మద్రాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. అందరూ చెప్పుకునేది వెళ్లిన దారి గురించే. నాకు మాత్రం తిరిగొచ్చిన దారే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు తిరుపతి, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు వచ్చారు. నిజాం నాసిరుద్దౌలా గద్దెనెక్కి ఏడాదే అయింది. పెత్తనమంతా పేష్కారు చందూలాల్‌ది. ఇవాళ సందు లేకుండా నిండిపోయిన నారాయణగూడ, చిక్కడపల్లి అప్పటికి ఊరి వెలుపలి నేలలు. ఇక్కడి నుంచి నాగపూరు దారిన ఉత్తరాదికి సాగారు.

తిరుగు ప్రయాణంలో కలకత్తా నుంచి పూరీకి వచ్చి, సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా దిగారు. రైలు లేదు. గోదావరి మీద తొలి రైలు వంతెన 1900లో గానీ రాలేదు. తూర్పు తీరంలో నడకంటే ఏరు తర్వాత ఏరు దాటడమే. మహానది, వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న అన్నీ ఆ దారికి అడ్డంగా పారి కడలిలో కలుస్తాయి. పడవ దొరకాలి, నీరు తగ్గాలి, వందమందీ సామానూ అవతలి ఒడ్డుకు చేరాలి. అప్పుడే ఆ పూట మజిలీ.

ఇంత తిప్పలో ఆయన రోజూ రాశారు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’. ఏ ఊళ్లో బసకు చోటుంది, మంచినీళ్లున్నాయా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, బాట ఇసుకా రాయా, తర్వాతి మజిలీ ఎంత దూరం. పుణ్యం మూటగట్టుకుని వస్తున్న యాత్రికుడు వెనక రాబోయే ముక్కూమొహం తెలియని బాటసారి దాహం గురించి ఆలోచించాడు! ఈ పుస్తకానికి నేను చేతులెత్తి మొక్కేది అందుకే. పండితులు మెచ్చే గ్రాంథికం కాదు, కచేరీ మాటలూ హిందుస్తానీ మాటలూ కలిసిన వాడుక తెలుగు. దారి చెప్పేవాడికి కావలసిన భాష అదే.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆయన దాటి వెళ్లిన మరుసటి ఏడే నందన కరువు పడింది. 1832-33లో ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనంలో లక్షన్నరకు పైగా రాలిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో. అంటే ఈ పుస్తకంలో ఉన్నది కరువు ఊడ్చెయ్యకముందు, కాలవలు పచ్చబరచకముందు మన తీరం ఉన్న తీరు. దొరల రికార్డుల్లో పన్నుల లెక్క దొరుకుతుంది. ఆ ఊళ్ల గుండా నడిచిన తెలుగువాడి మాట దొరకడం అరుదు.

వీరాస్వామయ్య 1836లో కన్నుమూశారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో గ్రంథాన్ని అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ ఇద్దరి పూనిక లేకపోతే ఈ దారి మనకు దక్కేది కాదు.

ఇవాళ నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. అక్కడి నుంచి భీమిలి దాకా తీరం వెంట వీపున సంచులతో తిరిగొచ్చే కుర్రకారు హైదరాబాదులో ఎందరో. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదివే పిల్లలకు ‘కాశీయాత్ర చరిత్ర’ ఒక మార్కు ప్రశ్నగా తెలుసు. ఈసారి తీరానికి వెళ్లేముందు ఆ పుస్తకం సంపాదించి, గంజాం నుంచి నెల్లూరు దాకా ఉన్న పుటలు చదవండి. వెళ్లొచ్చాక మీరు చూసిన ఊళ్ల గురించి, నీళ్ల గురించి, దారి గురించి మీరూ నాలుగు పేజీలు తెలుగులో రాయండి.