వడగళ్ల వాన తర్వాత ఇంటి పైకప్పు: దెబ్బ తగిలిందో లేదో ఇలా చూసుకోవాలి

రాళ్లవాన వెలిసిన మర్నాడు రైతు ముందు పొలానికే వెళ్తాడు. మామిడి పిందె ఎంత రాలింది, వరి ఎంత నేలకొరిగింది, మక్క కంకి నిలిచిందా లేదా అన్నదే ఆలోచన. ఇంటి పైకప్పు సంగతి జూన్‌లో తొలకరి పడి, మూలన దాచిన విత్తనాల బస్తా తడిసినప్పుడు గానీ గుర్తుకు రాదు. మార్చి నుంచి మే వరకు తెలంగాణలో వడగళ్లు పడటం కొత్త కాదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో రోడ్లు, పొలాలు తెల్లగా కప్పుకుపోయేంతగా పడ్డాయి. అప్పుడు పడిన బీట అప్పుడే కారదు. కాబట్టి వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లోనే కప్పును ఒకసారి పరీక్షించుకోవాలి.

ముందుగా ఒక హెచ్చరిక. సిమెంటు రేకుల మీదికి ఎక్కి చూడకూడదు. దెబ్బ తిన్న రేకు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెట్టగానే విరుగుతుంది. పగిలిన రేకు వల్ల పోయేది వెయ్యో రెండు వేలో, దాని మీదినుంచి పడితే నడుమే పోతుంది. తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే రేకుల కింద ఉన్న అడ్డ పైపుల మీదికి వచ్చేలా పొడవాటి చెక్కలు పరిచి, వాటి మీదే నడవాలి. తడి రేకు మీదికి అసలు పోవద్దు.

పైకి ఎక్కకుండా తెలిసే గుర్తులు

ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో ఆ వైపు వాలుకే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఆ వైపు జామ, మునగ ఆకులు చిరిగాయా, నీళ్ల ట్యాంకు మూత పగిలిందా, కూలర్ డబ్బాకు సొట్టలు పడ్డాయా చూడండి. పడితే కప్పు మీద కూడా అంతే బలంగా పడ్డాయని అర్థం. చూరు కింద నేల మీద పెంకు ముక్కలు, రేకు పెచ్చులు ఉన్నాయేమో వెతకాలి.

సిమెంటు రేకులు

వీటిని లోపలి నుంచే చూడాలి. వడగల్లు పైన తగిలినప్పుడు రేకు కొంచెం కిందికి వంగుతుంది. సిమెంటు నొక్కుడును ఓర్చుకుంటుంది గానీ సాగుడును ఓర్చుకోదు. అందుకే బీట చాలాసార్లు అడుగు వైపున మొదలవుతుంది. పైన చిన్న మచ్చ కూడా లేకపోయినా, కింద వెంట్రుకంత గీత, కాకి కాలులా చీలిన గీతలు, లేదా పెచ్చు ఊడిన గుంట కనిపిస్తాయి.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు తలుపులు, కిటికీలు మూసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. వెలుగు గీతలా కనిపించిన ప్రతి చోటా చీలిక ఉన్నట్టే. వెలుగు రాని బీటల కోసం టార్చిని రేకు పక్కగా పట్టి, వాలుగా వేసి చూడాలి. జె బోల్టుల చుట్టూ, రేకు మీద రేకు ఎక్కిన చోట మరింత జాగ్రత్తగా చూడాలి.

పాత పగులుకు, కొత్త పగులుకు తేడా సులువే. కొత్తదాని అంచు తేటగా, లేత బూడిద రంగులో ఉంటుంది. పాతదాని అంచులో దుమ్ము, నాచు, నల్లటి చార చేరి ఉంటాయి. బోల్టు వాషరు ఎండకు పెళుసై కారుతుంటే అది వడగళ్ల తప్పు కాదు. వాషరు మారిస్తే సరిపోతుంది.

ఇంకో మాట. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని. పగిలిన రేకును పొడిగా రంపంతో కోయకూడదు, సుత్తితో కొట్టకూడదు. నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీలైనంత వరకు విరగకుండా దించాలి. ఆ ముక్కల్ని దంచి పశువుల కొట్టంలోనో, బాటమీద గుంతల్లోనో పోయడం చాలా ఊళ్లలో అలవాటు. అది మానుకోవాలి.

పెంకులు, ఇనుప రేకులు, డాబా

బెంగుళూరు పెంకుల్లో విరిగినవి తేలిగ్గా తెలుస్తాయి. విరిగిన చోట మట్టి ఎర్రగా, కొత్తగా ఉంటుంది. అనుమానం ఉన్న పెంకును వేలి కణుపుతో కొడితే మంచిది ఖంగుమంటుంది, బీట వారింది బొంగురుగా పలుకుతుంది. గూన పెంకులు విరగకపోయినా పక్కకు జరుగుతాయి. సర్దించుకుంటే చాలు.

ఇనుప రేకులకు సొట్టలు పడితే కంగారు అక్కర్లేదు. రంధ్రం పడకుండా, అతుకులు విడిపోకుండా ఉంటే ఆ రేకు ఇంకా పనికొస్తుంది. పూత లేచిన చోట మాత్రం తుప్పు మొదలవుతుంది. అక్కడ రంగు వేయించాలి. వెలుతురు కోసం మధ్యలో వేసిన ప్లాస్టిక్ రేకులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, ముందుగా చిల్లులు పడేది వాటికే. సిమెంటు డాబాకు వడగళ్ల వల్ల ఏమీ కాదు. రాలిన ఆకులు, వడగళ్లు తూము గొట్టానికి అడ్డం పడి నీళ్లు నిలిస్తే, పాత బీటలోంచి కారుతుంది. తూము శుభ్రం చేయండి. కారే చోట ఫ్యాను, హోల్డరు ఉంటే ముందు మెయిన్ ఆపాలి.

ఫొటోలు, దరఖాస్తు

మరమ్మతుకు ముందే ఫొటోలు తీయాలి. వడగల్లు కరిగేలోపు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, ఇల్లంతా కనిపించేలా ఒకటి, ఒక్కో పగులుకు దగ్గరగా ఒకటి. వడగళ్లు ప్రకృతి విపత్తుల జాబితాలో ఉన్నాయి. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించే కేంద్ర నిబంధనల్లో కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000, దెబ్బతిన్న గుడిసెకు రూ.8,000, ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి రూ.3,000 సాయం ఉంది. రెండు మూడు రేకులు పగిలితే 15 శాతం నిండకపోవచ్చు. అయినా దరఖాస్తు రాసి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. పంట బీమా ఉన్నవారు వడగళ్ల నష్టాన్ని 72 గంటల్లో తెలపాలన్న నిబంధన వేరు. అది పంటకే, ఇంటికి వర్తించదు.

రేకులు మార్చేదాకా కప్పు మీద టార్పాలిన్ కట్టండి. పసుపు, మిర్చి, విత్తనాల బస్తాలను అనుమానం ఉన్న రేకుల కిందినుంచి జరిపి, చెక్కల మీద ఎత్తుగా పెట్టండి. తొలకరి మొదటి వాన పడుతుండగా ఇల్లంతా ఒకసారి తిరిగి, చెమ్మ కనిపించిన చోట కింద నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ఏ రేకు మార్చాలో మేస్త్రీకి ఆ గుర్తు చూపిస్తే చాలు.