జంతువు హక్కు, చట్టం పక్షపాతం

మనిషికున్న చట్టపరమైన హక్కులన్నీ జంతువుకూ ఉండాలా అనే ప్రశ్నను చాలామంది కరుణకు సంబంధించినదిగా చర్చిస్తారు. నా దృష్టిలో యిది ముందుగా చరిత్రకు సంబంధించిన ప్రశ్న. జంతువును కాపాడే చట్టాలను ఎవరు చేశారు, ఎవరిమీద ప్రయోగించారు అని చూడనిదే దీనికి సమాధానం దొరకదు.

ఎద్దుమీదికి కుక్కలను ఉసికొల్పే వినోదాన్ని నిషేధించాలని 1800లో బ్రిటిష్ పార్లమెంటుకు ఒక బిల్లు వచ్చింది. విలియం విండ్‌హాం దాన్ని ఎదిరించాడు. బీదవాని వినోదాన్ని నేరంచేసి ధనికుని వేటను వదిలివేయటం ఏమి న్యాయమని ఆయన వాదం. విండ్‌హాం శ్రామికుల మిత్రుడేమీ కాడు. అయినా ఆయన చూపిన లోపం నిజమైనదే. బిల్లు వీగిపోయింది. 1822లో రిచర్డ్ మార్టిన్ కృషివల్ల గుర్రాలనూ, పశువులనూ, గొర్రెలనూ హింసించటం నేరమైంది. 1835 చట్టం ఎద్దుల పోరునూ, కోడిపందాలనూ నిషేధించింది. భూస్వాములు కుక్కలతో నక్కను తరిమి చంపించే వేట మాత్రం ఇంగ్లండులో 2004 చట్టం వచ్చేదాకా సాగింది.

ఆ రోజుల్లోనే మనుషుల సంగతి ఎట్లా ఉన్నది? తొమ్మిదేళ్లలోపు పిల్లలను నూలుమిల్లుల్లో పెట్టరాదని 1819 చట్టం చెప్పింది గాని, అమలు చూసే ఇన్‌స్పెక్టర్లు 1833 చట్టంతో గాని రాలేదు.

ఇదంతా చూసి జంతుదయ బూర్జువా వేషమని కొట్టివేసే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. 1789లో వెలువడిన తన గ్రంథంలో జెరెమీ బెంథాం బానిసల స్థితినీ జంతువుల స్థితినీ పక్కపక్కన నిలిపి, చూడవలసింది తర్కించే శక్తిని కాదు, బాధపడే శక్తిని అన్నాడు. పీడితుల పక్షాన నిలిచే మనం ఈ కొలబద్దను కాదనలేం.

మన దేశంలో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి దారితీసింది. మోయలేని బరువు మోయించటం అందులో నేరం. తొలి నేరానికి జరిమానా 10 రూపాయలనుండి 50 రూపాయలదాకా. ఆనాడు అది బండివానికి భారమే. సరుకు వేయించే షావుకారుకు ఏనాడూ లెక్కలోనిది కాదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధిస్తూ జంతువుకూ గౌరవంగా బతికే హక్కున్నదన్నది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రాల సవరణలను సమర్థించి, సమానత్వ అధికరణాన్ని జంతువు వ్యక్తిగా వినియోగించుకోజాలదన్నది.

కాని కంపెనీ చట్టం దృష్టిలో వ్యక్తే. గుడిలోని దేవుడూ వ్యక్తే. కనుక మనిషి కానిది వ్యక్తి కాజాలదనే మాట నిలవదు. అట్లాగని ఎద్దుకు ఓటు హక్కు, ఒప్పందపు హక్కు ఇవ్వటంలో అర్థంలేదు. బాధనుండి రక్షణ మాత్రం దాని స్వంత హక్కు కావాలి, యజమాని ఆస్తికి కల్పించే భద్రత కారాదు.

ఎద్దూ, దాన్ని తోలేవాడూ ఒకే బరువుకింద నలుగుతున్నారు. బండివాణ్ణి పట్టుకొని, ఆ బరువు వేయించినవాణ్ణి వదిలే చట్టం ఇద్దరికీ న్యాయం చెయ్యదు. మనం అడగవలసింది ఇద్దరి పక్షాన నిలిచే చట్టాన్ని.