సంగమం లేని సంగమేశ్వరుడు

అలంపురం వెళ్ళిన వాళ్ళు జోగులాంబను, నవబ్రహ్మలను దర్శించుకుని తిరుగుముఖం పడతారు. అక్కడే ఎత్తయిన రాతి అరుగు మీద నిలిచిన సంగమేశ్వరాలయం దాకా పోయేవాళ్ళు తక్కువ. పోయినా పేరు గురించి ఆలోచించేవాళ్ళు ఇంకా తక్కువ. రెండు నదులు కలిసే చోట వెలసిన శివుణ్ణి సంగమేశ్వరుడంటాం. అలంపురం పక్కన పారేది తుంగభద్ర ఒక్కటే. మరి సంగమం ఏది?

సంగమం అక్కడ లేదు. ఆ గుడి కూడా అక్కడిది కాదు. బాదామి చాళుక్యుల కాలంలో, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో కట్టిన గుడి అది. వెయ్యేళ్ళకు పైగా రెండు నదుల వరదలు చూసింది. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కూడవెల్లి గుడి ఆ ముంపులో పడింది. దాంతో పురావస్తు శాఖవాళ్ళు గుడిని విప్పి, రాళ్ళు అలంపురం చేర్చి, మళ్ళీ కట్టారు. అలంపురం దగ్గరి పాపనాశి గుళ్ళు ఇరవైకి పైగా అట్లాగే చోటు మారాయి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, సోమశిల గుళ్ళు కూడా ముంపు తప్పించుకుని కొత్త చోట్లకు చేరినవే.

గుడిని కదిలించడం ఎట్లాగని నా తరగతి పిల్లలు ఏటా అడిగేవారు. సోషల్ టీచరుగా నాకు చాలా ఇష్టమైన పాఠం అది. ముందు కొలతలు తీసి, ప్రతి గోడకూ పటం గీసి, ఫొటోలు తీస్తారు. తర్వాత ప్రతి రాయికీ నంబరు వేస్తారు. ఏ వైపు గోడ, కింది నుంచి ఎన్నో వరుస, ఆ వరుసలో ఎన్నో రాయి అన్నది ఆ నంబరు చూస్తే తెలియాలి. విప్పడం పై నుంచి కిందికి, కట్టడం కింది నుంచి పైకి. శిఖరం మీద ఉసిరికాయ ఆకారంలో ఉండే ఆమలకం మొదట దిగి, చివరికి ఎక్కుతుంది. పునాది వరుసలో కొద్ది తేడా వచ్చినా పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. కూడవెల్లి గుడిది వంపు తిరిగిన రేఖానాగర శిఖరం. అటువంటి దాంట్లో తప్పు దాగదు.

ఈ విద్య అప్పటికి మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ముంపుకు ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ మార్చారు. నల్లగొండ వైపు ఏలేశ్వరంలోనూ తవ్వకాలు జరిగాయి. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను ముక్కలుగా కోసి ఎత్తు మీదికి చేర్చింది 1964–68 మధ్యలో.

హాలండ్‌లో కథ తిరగబడింది. పల్లపు పొలాల్లో నిలిచిన నీటిని తోడి కాలువలో పోయడానికి అక్కడ చిన్న చిన్న గాలిమరలు ఉండేవి. పంపులు వచ్చాక వాటికి పని పోయింది. 1961 నుంచి జాన్సే స్కాన్స్ అనే చోటికి పాత ఇళ్ళను, గాలిమరలను తెచ్చి నిలబెట్టారు. అక్కడ నీటిని తరిమే మర కదిలింది. ఇక్కడ నీళ్ళే గుడిని తరిమాయి. గాలిమరను బాగుచేసేవాళ్ళు రెక్కలు మళ్ళీ గాలికి తిరగాలని చూస్తారు. తిరగకపోతే అది మరబొమ్మే. మరి సంగమం లేని సంగమేశ్వరుడి మాటేమిటి?

సోమశిలకు అవతలి గట్టున ఇంకో సంగమేశ్వరం ఉంది. సప్తనదీ సంగమమని ప్రసిద్ధి. ఆ గుడి చోటు మారలేదు. ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం నీళ్ళలో మునిగి ఉండి, ఎండాకాలం బయటపడుతుంది. అప్పుడు జనం పోయి మొక్కివస్తారు. కూడవెల్లి గుడికి రాళ్ళు దక్కాయి, ఈ గుడికి చోటు దక్కింది. చోటు మార్చినంత మాత్రాన పని తీరిపోదు కూడా. 2009 అక్టోబరు వరదలో అలంపురంలోకీ నీళ్ళొచ్చాయి.

గుళ్ళ సంగతి ఇది. మరి ఊళ్ళ సంగతి? 1981లో పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. లక్ష మంది దాకా కదిలారు. దూలాలు, వాసాలు, గడపలు ఊడదీసి బండ్ల మీద వేసుకుని పోయారు. ఏ దూలానికీ నంబరు లేదు. ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లో పటం గీసినవాళ్ళు లేరు. ఒక ఊరివాళ్ళు నాలుగు ఊళ్ళకు చెదిరిపోయారు. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగమంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు ఊళ్ళవాళ్ళకు తెలిసిన నంబరు అదొక్కటే.

ఆ ఏడు మా తరగతిలోకి చదువు మధ్యలో వచ్చి చేరిన పిల్లలున్నారు. అడ్మిషన్ రిజిస్టరులో వాళ్ళ స్వగ్రామం కింద రాసిన ఊళ్ళు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. వాళ్ళలో కొందరు ఈ సంచిక చదువుతున్నారు. గుడిని మళ్ళీ నిలబెట్టింది పనివాళ్ళ బలం ఒక్కటే కాదు, విప్పకముందు గీసిన పటం. ఊళ్ళకు ఆ పటం ఇప్పుడైనా గీయొచ్చు. గీయగల పెద్దలు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు.

అందుకని మన సంఘానికి ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో ముంపు ఊళ్ళకని ఒక పెద్ద పుస్తకం పెడదాం. ఒక్కో ఊరికి నాలుగు పేజీలు. బొడ్రాయి ఎక్కడ, బడి ఎక్కడ, చేదబావి, పీర్లచావిడి, రేవుకు పోయే బాట ఎక్కడ, ఏ వాడలో ఎవరెవరి ఇళ్ళు, వాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారు. గీతలు వంకరపోయినా ఫరవాలేదు, పేర్లు తప్పు పోకూడదు. మీ అమ్మనో, పెదనాయననో పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. పుస్తకం నేను కొంటాను. మొదటి పేజీల్లో మా తరగతివాళ్ళ ఊళ్ళు రాయిస్తాను.