ఎల్లలు మార్చుకొంటున్న గబ్బిలాలు

1929లో ఫ్రాన్సిస్ రాట్‌క్లిఫ్ అనే యువ జంతుశాస్త్రజ్ఞుడు ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు వచ్చాడు. గబ్బిలాలు తమ పంటను నాశనం చేస్తున్నవని తూర్పుతీరపు పండ్లతోటలవారు మొరపెట్టుకొన్నందున, నిజానిజాలు తేల్చుటకు అతనిని రప్పించారు. అతడు అడవులలో తిరిగి, అవి పగటివేళ వ్రేలాడే తావులను వెదకి, 1931లో తన నివేదికను వెలువరించాడు. తోటలకు కలిగే నష్టం చెప్పుకొన్నంత పెద్దది కాదనీ, వాటి ముఖ్యాహారం నీలగిరి జాతి చెట్ల పూలనీ, వాటి సంఖ్య పూర్వంకంటె తగ్గినదనీ అందులో తేల్చాడు.

తోటలవారి కోసం వ్రాసిన ఈ నివేదిక తరువాతి తరాలకు మరొక విధంగా అక్కరకు వచ్చినది. ఏ జాతి గబ్బిలం ఏ ప్రాంతంలో ఉన్నదో అందులో నమోదై ఉన్నది. పాత లెక్క లేనిదే కొత్త మార్పు తెలియదు కదా!

మన ఊళ్ళలో మర్రి, చింత చెట్లకు వ్రేలాడే పెద్ద గబ్బిలాలు, ఆస్ట్రేలియాలో ‘ఎగిరే నక్కలు’ అనబడేవి ఒకే ప్రజాతికి చెందినవి. దాని పేరు టెరోపస్. ఇవి పురుగులను తినే చిన్న గబ్బిలాల వలె ప్రతిధ్వనిపై ఆధారపడవు; కంటితోను, వాసనతోను ఆహారాన్ని వెదకుకొంటవి. గుహలలో దాగక ఆరుబయట కొమ్మలపైనే పగలు గడుపుతవి. కనుక ఎండ తీవ్రత నేరుగా వీటిపై పడుతుంది. ఆడది సాధారణంగా సంవత్సరానికి ఒక్క పిల్లనే కంటుంది. ఒకసారి తగ్గిన సంఖ్య త్వరగా పూడదు.

రాట్‌క్లిఫ్ కాలంలో నల్ల గబ్బిలం తూర్పుతీరాన క్వీన్స్‌లాండ్ ప్రాంతానికే పరిమితమై ఉండేది. ఆ తరువాత సుమారు 75 సంవత్సరాలలో దాని దక్షిణపు ఎల్ల వెయ్యి కిలోమీటర్లకు పైగా జరిగి సిడ్నీ ప్రాంతాన్ని చేరినది. భూమి వేడెక్కుటయే దీనికి కారణమని తోచుట సహజం. కాని 2012లో ప్రచురితమైన ఒక పునఃపరిశీలన వేరొక సంగతిని చూపినది. శీతోష్ణస్థితి మారిన వేగంకంటె గబ్బిలం జరిగిన వేగమే ఎక్కువ. అది కొత్తగా చేరిన చోట్లలో కొన్ని, పూర్వమే దానికి అనుకూలంగా ఉండినవి. కాబట్టి వాతావరణ మార్పు ఒక్కటే కారణమని చెప్పుటకు వీలులేదు.

బూడిదతల గబ్బిలం కథ మరింత విచిత్రమైనది. దక్షిణాన చలి ఎక్కువగా ఉండే మెల్‌బోర్న్ నగరానికి పూర్వం అది అరుదుగా వచ్చి పోయేది. 1980 దశకంలో అక్కడి వృక్షోద్యానంలో స్థిరనివాసం ఏర్పరచుకొన్నది. 2003లో శబ్దాలతో కలవరపెట్టి దానిని తరలింపగా యారా నది ఒడ్డున మకాం పెట్టినది. నగరం వేడెక్కి రాత్రుల చలి తగ్గుట, తోటలకు నీరు పెట్టుట, వీధుల వెంట నాటిన చెట్లు ఏడాది పొడవునా పూలూ పండ్లూ ఇచ్చుట — ఇవన్నీ కలసి ఆ చోటును దానికి వాసయోగ్యం చేసినవి. మానవుడు తెలియకయే గబ్బిలానికి ఇల్లు కట్టిపెట్టినట్లయినది.

మరి ఉత్తరాన ఏమి జరుగుతున్నది? ఎండ ముదిరినపుడు ఈ జంతువులు మొదట రెక్కలతో విసరుకొంటవి, పిదప నీడకు జరుగుతవి, ఆపైన రొప్పుతవి, చివరకు ఒడలికి ఉమ్మి పూసుకొని చల్లబరచుకొనుటకు పాటుపడతవి. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటినచో ఈ ఉపాయాలు చాలవు. 2002 జనవరి 12న న్యూ సౌత్ వేల్స్‌లో తొమ్మిది స్థావరాలలో 3,500కు పైగా గబ్బిలాలు మరణించినవి. ఉష్ణమండలం నుండి వచ్చిన నల్ల గబ్బిలమే ఆనాడు ఎక్కువ పాళ్ళలో చచ్చినది. పిల్లలు, ఆడవి అధికంగా బలియైనవి. 2014 జనవరి 4న ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌లో ఒక్క రోజుననే 45,000కు పైగా నేలకూలినవి. 2018 నవంబరులో కెయిర్న్స్ ప్రాంతంలో రెండు రోజుల ఎండకు కళ్ళజోడు గబ్బిలాలు సుమారు 23,000 మరణించినవి. ఆస్ట్రేలియాలోని ఆ జాతిలో అది ఇంచుమించు మూడవ వంతు.

శాస్త్రజ్ఞులు ఒక జాతి కనబడిన చోట్లను, అక్కడి వేడిమి, వర్షపాతాలతో జోడించి, రాబోయే కాలంలో దానికి అనువగు ప్రదేశాలను పటంపై గుర్తిస్తారు. ఈ పద్ధతి ఉపయోగకరమైనదే. అయితే సగటు ఉష్ణోగ్రత చల్లగా చూపిన చోట కూడ ఒక్కరోజు మండుటెండ స్థావరమంతటినీ తుడిచివేయగలదు. వేడిమి అనుకూలించినా పూచే చెట్లు లేనిచో అది వాసయోగ్యం కాదు. గబ్బిలం రాత్రికి రాత్రి పదుల కిలోమీటర్లు పోగలదు, చెట్టు పోలేదు.

ఇంకొక చిక్కు కలదు. నీలగిరి చెట్ల పుప్పొడిని ఒక అడవినుండి మరొక అడవికి చేరవేసేది ఈ గబ్బిలాలే. ఇవి లేనిచో ఆ అడవులు కొత్త పరిస్థితులకు ఒదుగుట మరింత కష్టమగును. అనగా ఇల్లు వెదకుకొంటున్న ఈ జంతువే ఆ ఇంటిని నిలబెట్టేది కూడ.

దాదాపు నూరేళ్ళనాడు తోటలవారి ఫిర్యాదుపై వచ్చిన ఒక యువకుడు ఓపికగా లెక్కలు వ్రాసిపెట్టినందుననే, ఈనాడు ఆస్ట్రేలియాలో మార్పును కొలువగలుగుతున్నారు. మన ఊరి మర్రిచెట్టుపై గబ్బిలాలు ఎన్ని ఉన్నవో, ఏ వేసవిలో ఎన్ని రాలినవో ఈనాడు ఎవరైనా వ్రాసి ఉంచినచో, అది రేపటివారికి అంతే విలువైన ఆస్తి కాగలదు.